తొలి కెమెరాకు ఎంత, లెన్స్‌కు ఎంత? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. చేతిలో ఉన్నది పరిమితమైన డబ్బు, కొనబోయేది మొదటి కెమెరా, దుకాణంలో ఒక మాట, ఇంట్లో మరొక మాట. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి మిగిలిన వాటికంటే ఎక్కువ చోటు కేటాయించాను. తక్కిన చాలా సందేహాలకు మూలం అందులోనే ఉన్నది.

ప్రశ్న: నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. పిల్లల నాటికలు, ఆటలు, తరగతిలో వాళ్లు చేసే పనులు ఫోటోలు తీసి గోడపత్రికలో పెట్టాలని కోరిక. సెలవుల్లో పాత గుడుల శిల్పాలు కూడా తీయాలని ఉంది. ఫోనుతో తీస్తే ఆరుబయట బాగానే వస్తున్నాయి కానీ, తరగతి గదిలో పిల్లలు కదిలితే బొమ్మ అలుక్కుపోయినట్టు వస్తోంది. నా దగ్గర 40 వేల రూపాయలు ఉన్నాయి. దుకాణదారు కెనాన్ 1500డి రెండు లెన్సుల సెట్టు తీసుకోమన్నారు. మా తమ్ముడేమో డీఎస్‌ఎల్‌ఆర్‌ల కాలం అయిపోయింది, మిర్రర్‌లెస్ కొనమంటున్నాడు. ఎవరి మాట వినాలి?
— ఒక ఉపాధ్యాయురాలు, నర్సీపట్నం

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించిన మాట, గదిలో పిల్లలు కదిలితే బొమ్మ అలుక్కుపోతున్నదన్నది. కెమెరా కొనాలనుకునేవారు చాలామంది ఏ కంపెనీ, ఏ మోడల్ అని అడుగుతారే తప్ప, తమకు ఇప్పుడు కుదరనిది ఏమిటో చెప్పరు. మీరు చెప్పారు కనుక, ఎక్కడ ఖర్చుపెట్టాలో తేల్చుకోవడం సులువైంది.

అలుక్కుపోవడానికి కారణం వెలుగు చాలకపోవడం. ట్యూబులైట్లు వెలుగుతున్న మామూలు గదిలో, కెమెరాతో పాటు వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్‌ను 55 వరకు జూమ్ చేసి, ఐఎస్‌ఓ 1600 (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె ఇది) పెట్టి చూస్తే, షట్టర్ వేగం (లోనికి వెలుగు వచ్చే సమయం) సుమారు 1/30 సెకను దగ్గర తేలుతుంది. ఆ కాస్త సమయంలోనే చెయ్యి ఊపుతున్న పిల్లవాడి అరచెయ్యి అంగుళం పైగా కదిలిపోతుంది. గెంతుతున్న పిల్లవాణ్ణి నిలబెట్టి పట్టుకోవాలంటే కనీసం 1/250 సెకను కావాలి. అయితే కిట్ లెన్స్ 55 ఎంఎం దగ్గర ఎఫ్/5.6 కంటే ఎక్కువగా తెరుచుకోదు. ఎఫ్ పక్కన ఉండే అంకె తగ్గేకొద్దీ లెన్స్ కన్ను పెద్దదవుతుందని మీరు గుర్తుపెట్టుకుంటే చాలు: ఎఫ్/1.8 వరకు తెరుచుకొనే 50 ఎంఎం లెన్స్, ఎఫ్/5.6 తో పోలిస్తే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుగును లోనికి రానిస్తుంది. అంటే అదే గదిలో, అదే ఐఎస్‌ఓలో, అలుక్కుపోతున్న 1/30 కాస్తా 1/300 అవుతుంది. మీ కష్టం తీర్చేది ఆ చిన్న లెన్స్. కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం అనే ఈ లెన్స్ 2015లో వచ్చింది. బరువు 160 గ్రాములు. కొత్తది కొన్నా పది వేల రూపాయలకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది.

ఇక్కడే ఒక అపోహను తొలగించాలి. లెన్స్ మీద ఐఎస్ అని రాసి ఉంటే ఫోటోలు కదలకుండా వస్తాయని దుకాణాలలో చెబుతుంటారు. ఐఎస్ గాని, నికాన్ లెన్సుల మీద ఉండే వీఆర్ గాని సరిచేసేది తీసేవారి చేతి వణుకునే. ఎదురుగా ఉన్న మనిషి కదలికను ఆపడం దానివల్ల కాదు. అందుకే గుడిలోని శిల్పానికి అది ఎంతో మేలు చేస్తుంది, నాటికకు ఏమీ చేయదు. ఫోనులోని నైట్ మోడ్ సంగతి కూడా ఇంతే: అది వెంటవెంటనే కొన్ని ఫోటోలు తీసి, వాటిని కలిపి ఒకటిగా చేస్తుంది, కదలని వస్తువులకు అది అద్భుతంగా పనిచేస్తుంది, పరుగెత్తే పిల్లల దగ్గర తడబడుతుంది.

ఫోటోలో గరుకుదనం ఎందుకు వస్తుందో కూడా చెప్పాలి. చిన్న కాంపాక్ట్ కెమెరాలలో, ఎక్కువ జూమ్ ఉండే కెమెరాలలో సాధారణంగా ఉండే సెన్సర్ (వెలుగును బొమ్మగా మార్చే పలక) సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. 1500డి లాంటి కెమెరాలోని ఏపీఎస్-సీ సెన్సర్ 22.3 × 14.9 మిల్లీమీటర్లు. వైశాల్యంలో దాదాపు 12 రెట్లు పెద్దది. వానలో గిన్నె పెట్టడానికీ గంగాళం పెట్టడానికీ ఉన్న తేడా ఇది. వెలుగు తక్కువైనప్పుడు పెద్ద సెన్సర్ ఎక్కువ వెలుగును పోగుచేసుకొని శుభ్రమైన బొమ్మను ఇస్తుంది. ఈ కారణం చేత మీ అవసరానికి కాంపాక్ట్ కెమెరాలను పక్కన పెట్టేయవచ్చు.

మీ తమ్ముడి మాటలో నిజం ఉంది. కెనాన్, నికాన్ కంపెనీల నుంచి 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ ఏదీ రాలేదు. కొత్త పరిశోధన అంతా మిర్రర్‌లెస్ వైపే సాగుతోంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ వెనక ఉండే అద్దం బొమ్మను పైకి తిప్పి కిటికీలో చూపుతుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు, సెన్సర్ చూస్తున్న దానినే తెర మీద చూపుతుంది. ముఖాన్నీ కళ్లనూ గుర్తుపట్టి వాటి మీద ఫోకస్ నిలిపి ఉంచడంలో ఇటీవలి మిర్రర్‌లెస్ కెమెరాలు నిజంగా ముందున్నాయి. అయితే తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవారికి, కంపెనీలు వదిలేస్తున్న దారిలో ఒక పెద్ద లాభం ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లకు బిగించే కెనాన్ ఈఎఫ్ లెన్సులు 1987 నుంచి, నికాన్ ఎఫ్ మౌంట్ లెన్సులు 1959 నుంచి తయారవుతూ వచ్చాయి. మిర్రర్‌లెస్‌కు మారేవారు వాటిని అమ్ముకుంటున్నారు కనుక, మంచి లెన్సులు సగం ధరకు దొరికే కాలం ఇది. రేపు మీరే మిర్రర్‌లెస్‌కు మారినా, కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్ సాయంతో ఆ కంపెనీ కొత్త ఆర్ వరుస మిర్రర్‌లెస్ కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. ఇప్పుడు లెన్స్ మీద పెట్టిన డబ్బు వృథా పోదు.

ఇక దుకాణదారు చెప్పిన సెట్టు. అందులోని రెండో లెన్స్ 55-250 ఎంఎం జూమ్ అయి ఉంటుంది. ఆటస్థలంలో దూరం నుంచి తీయడానికి అది పనికొస్తుంది. గదిలో మాత్రం కిట్ లెన్స్ లాగే చీకటి లెన్స్. మీ ముఖ్యమైన కష్టం అలాగే మిగిలి, డబ్బు మాత్రం అయిపోతుంది. 1500డి కూడా 2018 నాటి కెమెరాయే. ఫోటో నాణ్యతలో లోపం లేదు కానీ, దాని ఫోకస్ బిందువులు తొమ్మిదే, వెనుక తెర కదలదు, తాకితే పనిచేయదు. మీ స్థానంలో నేనుంటే, నమ్మకమైన దుకాణంలో సెకండ్‌హ్యాండ్ కెనాన్ 200డి గాని, దాని తర్వాతి 200డి మార్క్ 2 గాని 18-55 లెన్స్‌తో కలిపి చూస్తాను. మిగిలిన డబ్బుతో 50 ఎంఎం ఎఫ్/1.8 తీసుకుంటాను. 200డి 2017లో వచ్చింది. దాని తెరను పక్కకు తెరిచి ఎటైనా తిప్పవచ్చు, ఫోకస్ కావలసిన చోట వేలితో తాకవచ్చు. నేల మీద కూర్చొని బొమ్మలు వేసుకుంటున్న పిల్లలను వాళ్ల కళ్ల ఎత్తులో తీయడానికి అలాంటి తెర ఎంత ఉపయోగమో మొదటి రోజే మీకు తెలుస్తుంది. ధరలు నెలనెలా మారుతాయి కనుక, కొనే వారం నాలుగు చోట్ల అడిగి చూడండి. బాడీకి (లెన్స్ కాక మిగిలిన కెమెరాకు) డబ్బు చాలకపోతే బాడీలోనే తగ్గించుకోండి, లెన్స్‌ను వదులుకోకండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ కెమెరాల మీద 50 ఎంఎం లెన్స్ కాస్త ఇరుకుగా చూపుతుంది, పాత ఫిల్మ్ కెమెరా మీద 80 ఎంఎం చూపినంతే చూపుతుంది. చిన్న గదిలో తరగతినంతటినీ ఒక్క ఫోటోలో పట్టాలంటే 18-55 నే వాడాలి. ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా కనిపించే లోతు కూడా తక్కువ. ఒక పిల్లవాడి ముఖానికి అది అందం. రెండు వరుసల్లో కూర్చున్న పిల్లలకు ఎఫ్/4 కు తగ్గకుండా పెట్టుకోండి, లేకపోతే వెనక వరుస మసకబారుతుంది. నాటిక రోజున పైనున్న చక్రాన్ని టీవీ (Tv) అనే గుర్తు దగ్గర పెట్టి, షట్టర్ వేగం 1/250 ఎంచుకొని, ఐఎస్‌ఓను ఆటోలో వదిలేయండి. మిగిలిన సంగతి కెమెరా చూసుకుంటుంది. కాస్త గరుకుగా వచ్చిన ఫోటో గోడపత్రికలో పెట్టుకోవచ్చు. అలుక్కుపోయిన ఫోటోను ఏం చేసినా బాగుచేయలేము.

ప్రశ్న: బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మిత్రుని అన్నగారు తన నికాన్ డి3200 బాడీని, 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్స్‌ను కలిపి అమ్ముతామన్నారు. బిగించి చూస్తే ఆటోఫోకస్ పనిచేయడం లేదు. కెమెరా పాడైందా? పాత కెమెరా కొనేటప్పుడు ఏమేమి చూసుకోవాలి?
— ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: కెమెరా పాడైందని చెప్పలేము, ఆ రెండూ ఒకదానికొకటి కుదరవు, అంతే. నికాన్ పాత లెన్సులలో, పేరు చివర డి అని ఉండే వాటిలో, ఫోకస్ తిప్పే మోటారు లెన్స్‌లో ఉండదు. బాడీలోని మోటారు ఒక చిన్న ఇరుసు ద్వారా లెన్స్‌ను తిప్పాలి. డి3000, డి5000 వరుసల్లో వచ్చిన కెమెరాలలో బరువు, ధర తగ్గించడానికి ఆ మోటారును పెట్టలేదు. డి90, డి7000 లాంటి కెమెరాలలో అది ఉంది. మీరు చూసిన బాడీకి ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న, మోటారు తనలోనే ఉండే లెన్స్ కావాలి. ఏఎఫ్-పీ అనే కొత్త రకం లెన్సులు చూసి తొందరపడకండి. డి3000 వరుసలో అవి డి3300 నుంచి మొదలైన తర్వాతి కెమెరాలకే పనికొస్తాయి, డి3200 మీద ఫోకస్ చేయవు. ఆ 50 ఎంఎం లెన్స్‌ను పక్కన పెట్టి, బాడీకి మాత్రమే ధర మాట్లాడి, ఏఎఫ్-ఎస్ 35 ఎంఎం ఎఫ్/1.8జి లెన్స్‌ను విడిగా వెతుక్కోవడం మంచిది. ఈ బాడీల మీద అది దాదాపు మన కంటి చూపు ఉన్నట్టే చూపుతుంది. నేర్చుకొనేవారికి అంతకంటే మంచి లెన్స్ నేను చెప్పలేను. డి3200 వచ్చింది 2012లో. వయసు మళ్లినా, దాని 24 మెగాపిక్సెళ్ల సెన్సర్ పగటి వెలుగులో ఈనాటికీ నిలబడుతుంది.

పాత కెమెరాను చూడడానికి పగటి పూట వెళ్లండి, ఖాళీ మెమరీ కార్డు మీదే తీసుకువెళ్లండి. మొదట షట్టర్ ఎన్నిసార్లు పడిందో తెలుసుకోవాలి. నికాన్‌లో అది సులువు: ఒక ఫోటో తీసి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే షట్టర్ కౌంట్ సాధనాలలో ఆ ఫైలును వేస్తే అంకె వచ్చేస్తుంది. చాలా కెనాన్ కెమెరాలు ఆ అంకెను ఫోటో ఫైలులో రాయవు. వాటికి వేరే సాఫ్ట్‌వేర్ గాని, సర్వీస్ సెంటర్ గాని కావాలి. ఈ తరగతి కెమెరాల షట్టర్లకు సాధారణంగా చెప్పే ఆయువు లక్ష. అది చావుగీత కాదు, లక్ష దాటి నడిచేవీ ఉన్నాయి. అయినా 70 వేలు, 80 వేలు దాటిన దానికి ధర బాగా తగ్గించమని అడగవచ్చు.

తర్వాత ఎపర్చర్‌ను (లెన్స్ కన్ను ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ అంకెను) ఎఫ్/16 దగ్గర పెట్టి, తెల్లని గోడనో మబ్బులేని ఆకాశాన్నో తీసి, ఆ ఫోటోను పెద్దది చేసి చూడండి. నల్లని చుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము ఉన్నట్టు. దుమ్ము శుభ్రం చేయించవచ్చు, గీత పడితే మాత్రం వదిలేయండి. లెన్స్‌ను విప్పి, ఒక వైపు నుంచి ఫోను టార్చి వేసి, మరో వైపు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. ఎంత తక్కువకు ఇస్తామన్నా తీసుకోవద్దు. మరలు తుప్పు పట్టి ఉంటే ఆ కెమెరా ఉప్పుగాలిలోనో నీళ్లలోనో గడిపినదని అర్థం. ప్రతి బటన్ నొక్కండి, ఫ్లాష్ వెలిగించండి, ఓ ఇరవై ఫోటోలు వరుసగా తీయండి, చార్జర్ అసలుదా కాదా చూడండి. చివరగా, బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబరూ, పాత బిల్లు మీది నంబరూ ఒకటేనా అని సరిచూడండి. బిల్లు లేదంటే, అమ్మేవారు పరిచయస్థులైనా సరే, ఆ కెమెరా ఎక్కడిదో తెలిసేదాకా డబ్బు ఇవ్వకండి. అడగడానికి మొహమాటపడితే, దొంగ సొత్తు కొన్నవారి బాధ రేపు మీదవుతుంది.

ప్రశ్న: మా ఊరు నేలపట్టు పక్షుల కేంద్రానికి దగ్గర. చలికాలంలో పులికాట్‌కు వచ్చే రాజహంసలను, గూడబాతులను ఫోటోలు తీసి మా ఊరి పిల్లలకు చూపించి, ఏది ఏ పక్షో చెప్పాలని కోరిక. 50 వేలలో డీఎస్‌ఎల్‌ఆర్, 55-250 లెన్స్ కొనాలా? 60 రెట్లు, 80 రెట్లు జూమ్ అని చెప్పే కెమెరాలు కొనాలా?
— ఒక రైతు, సూళ్లూరుపేట మండలం

జవాబు: లెక్క వేసి చూద్దాం. 55-250 లెన్స్ కెనాన్ ఏపీఎస్-సీ కెమెరా మీద చివరి వరకు జూమ్ చేస్తే 400 ఎంఎం చూపినంత దగ్గరగా చూపుతుంది. 2015లో వచ్చిన నికాన్ పీ900 లాంటి 83 రెట్ల జూమ్ కెమెరా 2000 ఎంఎం వరకు వెళుతుంది, అంటే ఐదు రెట్లు. డీఎస్‌ఎల్‌ఆర్‌తో తీసిన 24 మెగాపిక్సెళ్ల ఫోటోలో మధ్యభాగాన్ని కత్తిరించి అంత పెద్దగా చేయాలంటే, పొడవులో ఐదో వంతు, వెడల్పులో ఐదో వంతు మిగులుతుంది. 24 ని 25 తో భాగిస్తే ఒక్క మెగాపిక్సెల్ కూడా చేతికి రాదు. పులికాట్‌లో రాజహంసలు గట్టుకు చాలా దూరంగా, లోతులేని నీళ్లలో నిలబడతాయి. నిలబడి ఉన్న దూరపు పక్షి ముక్కు వంపు, కాళ్ల రంగు పిల్లలకు స్పష్టంగా చూపాలంటే మీకు కావలసింది జూమ్ కెమెరాయే.

అయితే ఆ కెమెరా సెన్సర్ చిన్నది. పొద్దు పొడవక ముందు, మబ్బు పట్టినప్పుడు గరుకుదనం వస్తుంది. ఎగురుతున్న పక్షి వెంట ఫోకస్ నిలపడంలో కూడా వెనుకబడుతుంది. ఎగిరే పక్షికి 1/1000 సెకనుకు తక్కువ కాని షట్టర్ వేగం కావాలి, దానికి వెలుగు కావాలి. గుంపు రెక్కలు విప్పి లేచే దృశ్యమే మీ కోరిక అయితే నేను డీఎస్‌ఎల్‌ఆర్ అనే చెప్పేవాణ్ణి. మీరు అడిగింది పక్షులను గుర్తుపట్టి చెప్పడం కనుక జూమ్ కెమెరా తీసుకోండి. కంటికి ఆనించుకొని చూసే కిటికీ ఉన్నదే ఎంచుకోండి. ఎండలో వెనుక తెర మీద ఏమీ కనిపించదు, పైగా కెమెరాను నుదుటికి ఆనించినప్పుడే చేతులు నిలకడగా ఉంటాయి. పీ900, పీ950 సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే చూడండి, లేదా పానాసోనిక్ ఎఫ్‌జెడ్82 లాంటి 60 రెట్ల కెమెరాతో మొదలుపెట్టండి.

మీకు దగ్గరలోనే ఉన్న ఒక ఇబ్బంది గురించి చెప్పకుండా ఉండలేను. ఎండ ముదిరాక సరస్సు మీద గాలి వేడెక్కి ఎండమావిలా ఊగుతుంది. ఆ గాలిలోంచి తీసిన దూరపు ఫోటో, లక్షల రూపాయల లెన్స్‌తో తీసినా, నీళ్లలో చూసినట్టే వస్తుంది. కెమెరాలో లోపం ఉందనుకొని చాలామంది దుకాణానికి తిరిగి వెళతారు. ఉదయం సూర్యుడు పైకి వచ్చిన మొదటి రెండు గంటలలో, వెలుగు మీ వీపు మీద పడేలా నిలబడి తీయండి. నేలపట్టులో గూళ్లు కట్టే కాలంలో దగ్గరికి వెళ్లాలనే కోరికను అణచుకోవాలి. పెద్ద పక్షి బెదిరి లేస్తే గూటిలోని గుడ్డో పిల్లో ఎండకు, కాకులకు వదిలేసినట్టే. అంత జూమ్ ఉన్న కెమెరా కొనేది దూరంగా ఉండడానికే కదా.

ప్రశ్న: 16 మెగాపిక్సెళ్ల కెమెరా తక్కువ ధరకు వస్తోంది. 24 లేకపోతే పెద్ద ప్రింట్లు రావంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: 8 × 12 అంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 8.6 మెగాపిక్సెళ్లు చాలు. 12 × 18 అంగుళాలకు ఆ లెక్కన 19.4 కావాలి కానీ, అంత పెద్ద బొమ్మను ఎవరూ ముక్కుకు ఆనించి చూడరు కనుక 16 మెగాపిక్సెళ్లతో తీసిన మంచి ఫోటో గోడ మీద చక్కగా ఉంటుంది. ఎక్కువ మెగాపిక్సెళ్ల వల్ల లాభం, తర్వాత కత్తిరించుకోవడానికి వీలుండడం. మీరడిగిన కెమెరా సెన్సర్ పెద్దదైతే నిశ్చింతగా తీసుకోండి.

ప్రశ్న: సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఉంటాము. కొన్న రెండేళ్లకే లెన్స్ లోపల బూజు పట్టిందని సర్వీస్ వారు చెప్పారు. కొత్త లెన్స్ కొనబోతున్నాను. దానిని ఎలా కాపాడుకోవాలి?
— ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: మీ బాధ నాకు తెలుసు. నా మొదటి మంచి లెన్స్‌ను, జాగ్రత్త అనుకొని, వానాకాలం అంతా తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచాను. దసరాకు తీసి చూస్తే లోపలి అద్దం మీద తెల్లని వేర్లు పాకి ఉన్నాయి. చీకటి, చెమ్మ, గాలి ఆడని చోటు, ఈ మూడూ కలిస్తే ఫంగస్‌కు పండగ. తోలు చెమ్మను పీల్చి పట్టుకుంటుందని నాకు అప్పుడు తెలియదు. ఫంగస్ విడుదల చేసే ఆమ్లాలు లెన్స్ మీది పూతను తినేస్తాయి కనుక, ముదిరిన తర్వాత శుభ్రం చేయించినా మచ్చ పోదు.

దీనికి ఖరీదైన డ్రై క్యాబినెట్ (తేమను అదుపులో ఉంచే బీరువా) లేకపోయినా ఫర్వాలేదు. రబ్బరు అంచుతో గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, గాలిలో తేమను చూపే చిన్న డిజిటల్ మీటరు ఒకటి, ఒక అర కిలో సిలికా జెల్ కొనండి. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపుతూ ఉంటే లెన్స్ సుఖంగా ఉన్నట్టే. సిలికా జెల్ గుళికలు నీలం రంగువి గులాబీ రంగులోకి, నారింజ రంగువి ఆకుపచ్చలోకి మారితే వాటి పని అయిపోయిందని గుర్తు. వంటకు వాడని పాత పెనం మీద సన్నని సెగన వేడిచేస్తే చెమ్మ ఆరి మళ్లీ పనికొస్తాయి. నీలం రంగు గుళికల్లో కోబాల్ట్ ఉప్పు ఉంటుంది కనుక పిల్లలున్న ఇంట్లో నారింజ రంగువే మేలు. సిలికా జెల్‌కు బదులు బియ్యంలో పెట్టమనే సలహాను పాటించకండి. ఆ పిండి దుమ్ము బటన్ల సందుల్లోకి చేరుతుంది. బూజు పట్టిన పాత లెన్స్‌ను కొత్తదానితో కలిపి ఒకే డబ్బాలో ఉంచకండి. వారానికి ఒకసారైనా కెమెరాను బయటకు తీసి వాడండి. ఏసీ గదిలోంచి ఒక్కసారిగా బయటి ఉక్కలోకి తీసుకువస్తే అద్దం మీద నీటి ఆవిరి పడుతుంది; సంచి జిప్పు మూసే ఉంచి, అరగంట ఆగి తెరవండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. గుంటూరులో ఉన్న మా చెల్లికి పుట్టినరోజు కానుకగా ఇక్కడి నుంచి కెమెరా తీసుకువెళ్లాలనుకుంటున్నాను. అక్కడ ఏమైనా ఇబ్బంది ఉంటుందా?
— ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: మొదట పేర్లు చూసుకోండి. అమెరికాలో కెనాన్ రెబెల్ టీ7 అని అమ్మేది ఇక్కడి 1500డి. రెబెల్ ఎస్‌ఎల్3 అంటే ఇక్కడి 200డి మార్క్ 2. పేర్లు వేరైనందున ధరలు పోల్చడంలో పొరపాటు జరుగుతుంటుంది. ఎస్‌ఎల్3 కొంటే మరో మాట గుర్తుంచుకోండి: ఫ్లాష్ బిగించే చోట నడిమి కొన దానికి లేదు, అందువల్ల తక్కువ ధరలో దొరికే చాలా ఇతర కంపెనీల ఫ్లాష్‌లు దాని మీద వెలగవు. ఫ్లాష్ కొనే ఆలోచన ఉంటే ఆ కెమెరా పేరు చెప్పి అడిగి కొనాలి.

అసలు ఇబ్బంది వారంటీతో. చాలా కెమెరాలకు కంపెనీ వారంటీ కొన్న దేశానికే పరిమితం. అక్కడ మిగిలే డబ్బు ఒక్క మరమ్మతుతో పోవచ్చు. ఇక్కడి ధరతో తేడా పెద్దగా లేకపోతే, మీ చెల్లెలి చేత గుంటూరులోనో విజయవాడలోనో బిల్లుతో కొనిపించి, డబ్బు మీరు పంపడమే మంచిదని నా అభిప్రాయం. లెన్స్ అక్కడి నుంచి తెస్తే భయం తక్కువ. బాడీతో పోలిస్తే దానిలో చెడిపోయే భాగాలు తక్కువ.

అయినా తీసుకురావాలనే అనుకుంటే, చార్జర్ గురించి దిగులు వద్దు. దాని మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే ఇక్కడి ప్లగ్గుకు సరిపడే పిన్ను కొంటే చాలు. వీడియో తీసేటప్పుడు మాత్రం ఒక మార్పు చేయాలి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్‌జ్, ఇక్కడ 50. అక్కడి అమరికతోనే ఇక్కడి ట్యూబులైట్ల కింద వీడియో తీస్తే తెర మీద చారలు పాకుతున్నట్టు వస్తుంది. మెనూలో వీడియో పద్ధతిని ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కు మార్చి, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టి ఇవ్వండి. ప్రయాణంలో విడి బ్యాటరీలను పెద్ద పెట్టెలో వేయకుండా మీ చేతి సంచిలోనే, వాటి లోహపు కొనలు ఒకదానికొకటి తగలకుండా మూత వేసి ఉంచుకోండి. విమానాలలో నియమం కూడా అదే.